ట్యూబు తేనె

రొట్టెలమ్మకు ముక్కు మీద కోపం. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పొద్దున్నే కౌంటరు దగ్గర నిలబడి ఆవిడ ఎవరో ఒకరిని దులిపితే తప్ప బన్నులకు రుచి రాదని ఎదురు కొట్లో చెప్పులు కుట్టే మేస్త్రీ ఒట్టేసి మరీ చెబుతాడు. ఆవిడ కోపానికి ఒక పద్ధతుంది. పరాయివాళ్ళ మీద కాస్త, అయినవాళ్ళ మీద బోలెడంత, కోడలి మీద అందరికంటే ఎక్కువ. అంటే ఆవిడకు లోకంలో అందరికంటే ఇష్టమైన మనిషి కోడలేనన్నమాట. ఆ ముక్క మాత్రం ఆవిడ నోట ఎవరూ విన్నది లేదు. కోడలైతే అసలే లేదు.

బేకరీ చిన్నదే. ముందు గదిలో అద్దాల బీరువా, కౌంటరు. వెనక గదిలో మనిషి పడుకునేంత పొడుగు చెక్క తొట్టి, దాని పక్కన కట్టెలతో మండే బట్టీ. ఆ వెనక తడి ఆరని సందు, అందులో గోడకు చేర్చి పేర్చిన కట్టెలు. వీధి చివరి బేకరీవాళ్ళు పిండి కలిపే మిషను కొన్నారని తెలిసిన రోజు రొట్టెలమ్మ పెదవి విరిచి ఊరుకుంది. కోడలి చేతులుండగా తనకు మిషనెందుకు? కోడలు మోచేతుల దాకా పిండిలో దిగి, ఒంటి బరువంతా ముంజేతుల మీద వేసి, పిండిని తొట్టి అంచుకేసి ఈడ్చి మడతపెడుతుంటే చూడాలి. రొట్టెలమ్మ నడుము పట్టేసి తొట్టి వదిలేసిన కొత్తల్లో ఇక ఆ బేకరీ పని అయిపోయిందనే అనుకున్నారు అందరూ. కోడలొచ్చి తొట్టి ముందు నిలబడింది, రొట్టెలు మళ్ళీ పొంగాయి.

ఇప్పుడు ఆ చేతికే పుండు లేచింది.

కుడి ముంజేతి మీద, మోచేతికి కాస్త కింద. మొదట్లో దోమకాటంత బుడిపె. నొప్పీ లేదు, దురదా లేదు. బేకరీలో పనిచేసేవాళ్ళ చేతుల మీద ఎప్పుడూ ఏదో ఒక కాలిన మచ్చ ఉంటుంది. బట్టీ తలుపు తగిలి ఒకటి, రేకు పళ్ళెం తగిలి ఇంకొకటి. వాటిని చూసి ఎవరూ బెంబేలు పడరు. దీన్ని కూడా ఆ ఖాతాలోనే వేసేశారు. కాలిన చోట తేనె రాయాలన్నది ఆ ఇంట్లో రొట్టెలమ్మ పెట్టిన చట్టం. బన్నుల మీద మెరుపు కోసం పూసే తేనె డబ్బా ఎప్పుడూ తొట్టి పక్కనే ఉంటుంది. అందులోంచి చెంచాడు తీసి, కోడలి చేతికి దట్టంగా పట్టించి, "పొద్దున్నకల్లా మాయం" అంది రొట్టెలమ్మ.

పొద్దున్నకల్లా చీమలు వచ్చాయి. మంచం కోడు పట్టుకుని బారులు తీరి పైకెక్కి, తేనె రాసుకున్న కోడల్ని వదిలేసి, పక్కన పడుకున్న మొగుణ్ణి, అంటే రొట్టెలమ్మ కొడుకుని, ఎడాపెడా కుట్టాయి. కొడుకు లేచి గంతులేశాడు. బుడిపె మాత్రం ఉన్నచోటే ఉంది. ఉండడమే కాదు, నెమ్మదిగా పెరిగింది. నడుమ గుంట పడింది, చుట్టూ గట్టిగా గట్టు లేచింది. కోడలు పొడుగు చేతుల జాకెట్లు తొడగడం మొదలుపెట్టింది. రొట్టెలమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది, ఎందుకంటే చూస్తే భయం వేస్తోంది.

ఒకరోజు లెక్కల టీచరమ్మ బన్నుల కోసం వచ్చింది. కోడలు వేడివేడి పళ్ళెం పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది. చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు చెయ్యి పైకి జారింది. టీచరమ్మ చూసింది. చూసి, అప్పటికే చేతిలోకి తీసుకున్న బన్నుని మెల్లగా కౌంటరు మీద పెట్టేసి, "ఇవాళ వద్దులెండి" అని వెళ్ళిపోయింది.

రొట్టెలమ్మ ఒంటికాలి మీద లేచింది. టీచరమ్మ మలుపు తిరిగేదాకా ఏదో ఒకటి అంటూనే ఉంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, కోడలు పళ్ళెం కింద పెట్టి, జాకెట్టు చేతిని మణికట్టు దాకా లాక్కుంటూ నిలబడి ఉంది. ఆ లాక్కోవడం చూశాక రొట్టెలమ్మ ఇక చూడనట్టు ఊరుకోలేకపోయింది.

"రేపు పొద్దున్నే క్లినిక్కెళ్ళు. వాణ్ణి తీసుకెళ్ళు. నాకు కౌంటరుంది" అంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఆలుమగలిద్దరూ తిరిగొచ్చారు. కోడలి చేతికి తెల్లటి కట్టు ఉంది. మొహం పాలిపోయి ఉంది. కొడుకు మొహం అంతకన్నా పాలిపోయి ఉంది. వాడికి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. చిన్నప్పట్నించీ అంతే.

"ఇసుక ఈగట అత్తయ్యా," అని చెప్పింది కోడలు. "దోమ కన్నా చిన్నదట. చప్పుడు కూడా చెయ్యదట. తడి గోడల బీటల్లో ఉండి సాయంత్రం పూట బయటికొస్తుందట. నేను కట్టెల దగ్గర కాసేపు చల్లగాలికని కూర్చుంటాను కదా, అక్కడే కుట్టుంటుంది. దాని కాటుతో పాటు కంటికి కనపడని పురుగొకటి చర్మం కిందికి పోయి, అక్కడే కాపురం పెట్టేస్తుందట."

"నీ చేతిలో కాపురమా! ఎవర్నడిగి?" అంది రొట్టెలమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "రొట్టెల్లోంచి ఇంకోళ్ళకి అంటుతుందా?" అని అడిగింది.

"అంటదట. ఈగ కుడితేనే వస్తుందట. కానీ పుండు మానేదాకా పిండిలో చెయ్యి పెట్టొద్దన్నారు. తెరిచున్న పుండుతో తినే వస్తువులు ముట్టుకోకూడదట. పిండి రాపిడికి పుండు కూడా రేగుతుందట. వారం వారం వచ్చి పుండు చుట్టూ సూదిమందు వేయించుకోమన్నారు. డాక్టరమ్మ చాలన్నదాకా."

"చాలనకపోతే?"

"మానకుండా వదిలేస్తే పెద్దదవుతుందట. మోచేతి కీలు దాకా పోతే చెయ్యి సరిగ్గా మడత పడదట." ఆ మాట అని కోడలు వెనక గది వైపు చూసింది. చెయ్యి మడత పడకపోతే తొట్టి లేదు, తొట్టి లేకపోతే ఈ ఇంట్లో తను ఎవరో ఆమెకే తెలియదు. "ఇంకోటి కూడా ఇచ్చారు. రోజూ కట్టు మార్చేటప్పుడు ఇది రాయమన్నారు."

సంచిలోంచి చిన్న ట్యూబు తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఏంటది?"

"తేనె."

రొట్టెలమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఏదీ, మళ్ళీ చెప్పు."

"తేనె అత్తయ్యా."

"విన్నావురా?" అని ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నేను మొదటిరోజే రాసిందేమిటి? అంత చదువు చదివి డాక్టరమ్మ రాసిందేమిటి?"

"మన డబ్బాలోది మాత్రం వద్దన్నారు" అంది కోడలు భయం భయంగా. "ఇది మందు కోసం శుద్ధి చేసిందట. ఇంట్లో తేనెలో దుమ్మూ ధూళీ ఉంటాయట."

"నా తేనెలో దుమ్మా?" అని మండిపడబోయి, ఎందుకో తమాయించుకుంది ఆవిడ. గెలిచినవాళ్ళకు కాస్త ఓర్పు ఎక్కువే ఉంటుంది. "సర్లే. తేనెని కూడా ట్యూబులో పెట్టి మందంటున్నారు. పేరేదైతేనేం, తేనె తేనే."

"పురుగుని చంపేది సూదేనట. తేనె పుండుని శుభ్రంగా ఉంచుతుందట, గుడ్డ అంటుకోకుండా చూస్తుందట, అంతే" అని కోడలు చెప్పింది. చెప్పిందన్నది నిజం. రొట్టెలమ్మ వినలేదన్నదీ నిజమే. ఆవిడ చెవులు తేనె దగ్గరే ఆగిపోయాయి.

ఆ రోజు నుంచి కట్టు మార్చే పని రొట్టెలమ్మదే. పొద్దున మొదటి దఫా రొట్టెలు దిగాక ఒకసారి, సాయంత్రం దీపాలు వెలిగించే వేళ ఒకసారి. చేతులు సబ్బుతో తోముకుని, కోడల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పాత కట్టు విప్పి, కాచి చల్లార్చిన నీళ్ళతో తుడిచి, ట్యూబు నొక్కి తేనెని గుడ్డ మీద పలచగా పరిచి, పుండు మీద వేసి కట్టేది. ఇంత నోరున్న మనిషికి ఆ వేళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయోనని కోడలు ఆశ్చర్యపోయేది. ఈక తగిలినా నొప్పి పుట్టే చోట ఆవిడ చెయ్యి తగిలినట్టే ఉండేది కాదు. కట్టేస్తున్నంతసేపూ నోరు మాత్రం ఆగేది కాదు. "కదలకు. ఎన్నిసార్లు చెప్పాలి? చెయ్యి చూడు, ఎముకలు తేలింది, తినడం మానేశావా?" అంటూనే ఉండేది.

వారానికోసారి కోడలు క్లినిక్కెళ్ళేది. కొడుకు స్కూటరు మీద దింపి బయటే నిలబడేవాడు. తిరిగొచ్చాక కోడలు నేరుగా లోపలికెళ్ళి గోడ వైపు తిరిగి పడుకునేది. "ఎలా ఉంది?" అని రొట్టెలమ్మ గుమ్మంలోంచే అడిగేది. "బాగానే ఉంది అత్తయ్యా" అని కోడలు గోడకే చెప్పేది. ఆ జవాబు సరిపోయేది రొట్టెలమ్మకు. కౌంటరు దగ్గర జనం ఉండేవాళ్ళు మరి.

పిండి పని కొడుకు మీద పడింది. వాడు మంచివాడే, కాని పిండికి వాడి మంచితనంతో పనేముంది? తల్లిని కాదనలేడు, పెళ్ళాన్ని కాదనలేడు, చివరికి పిండిని కూడా కాదనలేడు. అది ఎలా జారితే అలా వదిలేసేవాడు. రొట్టెలు ఒకరోజు చప్పిడిగా, ఒకరోజు రాయిలా దిగేవి. వాడికి దక్కిన మెప్పు ఒక్కటే. వెనక సందులో గోడ బీటలకు సిమెంటు మెత్తి, కట్టెల పేర్పుని గోడకు దూరంగా జరిపించాడు. "ఈ బుద్ధి ముందే ఉంటే బాగుండేది" అని తల్లి ఆ మెప్పుని కూడా సగానికి కోసేసింది.

పుండు మాత్రం తగ్గుముఖం పట్టింది. గట్టు కాస్త అణిగింది. చెమ్మ ఆరింది. పైన గోధుమ రంగు పెచ్చు కట్టింది. ఒక సాయంత్రం కట్టు విప్పగానే రొట్టెలమ్మ ఆ పెచ్చుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఆ రంగు ఆవిడకు బాగా తెలిసిన రంగు.

"అయిపోయింది" అని తేల్చేసింది.

"ఏంటి అత్తయ్యా?"

"పుండు. మానిపోయింది. ఇక సూదులక్కర్లేదు. ఈ మిగిలిన కాస్తా తేనె చూసుకుంటుంది."

కోడలు చేతి వైపు చూసుకుంది, అత్త మొహం వైపు చూసింది. "డాక్టరమ్మ ఇంకా రమ్మన్నారు" అంది. అన్నదే గాని ఆ గొంతులో బలం లేదు.

"ఆవిడ అలాగే అంటుంది. ఆవిడ పని అది. నేను ఈ బట్టీ ముందు జుట్టు నెరిపించుకున్నానే! రంగు చూసి కాలిందో లేదో చెప్పలేనా?"

మునిగిపోతున్న మనిషికి గట్టు కనిపించినట్టయింది కోడలికి. ఆ వారం క్లినిక్కెళ్ళలేదు. పై వారమూ వెళ్ళలేదు. చేతికి గట్టిగా గుడ్డ చుట్టుకుని, దాని మీద పొడుగు తొడుగు వేసుకుని తొట్టి దగ్గరికి చేరింది. ఆమె నవ్వు చూసి ఇల్లంతా తేలికపడింది. రొట్టెలమ్మ గాల్లో తేలిపోయింది. వచ్చినవాళ్ళందరికీ బన్నుతో పాటు ఆ కథ కూడా కట్టి ఇచ్చేది. చెప్పుల మేస్త్రీకి చీలమండ దగ్గర అలాంటి పుండే ఒకటి లేచి, ఆయనా అదే క్లినిక్కులో సూదులు వేయించుకుంటున్నాడు. "నాకూ ఆ తేనె చాలంటావా?" అని అడిగాడు.

"చాలకేం! సూదులు గీదులు ఎందుకు, దండగ" అంది రొట్టెలమ్మ చెయ్యి ఊపేస్తూ.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున టీ కొట్టాయన చంకలో రొట్టె పెట్టుకుని రుసరుసలాడుతూ వచ్చాడు. కౌంటరు మీద పెట్టి రెండు చీలికలు చేశాడు. పైన చక్కటి బంగారు రంగు. లోపల తడి పిండి, ముద్దగా, వేలికి అంటుకునేలా.

"ఇది నేను ఎవరికి పెట్టను పెద్దమ్మా?"

రొట్టెలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ బేకరీ నుంచి పచ్చి రొట్టె బయటికెళ్ళడమా! కొడుకుని కేకేసింది. వాడు పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరు దించారిది?"

"నేనేనమ్మా. నువ్వు కట్టు కడుతున్నావని..."

"ఏం చూసి దించావు?"

"రంగొచ్చింది కదా అని..."

"రంగొచ్చిందని దించేస్తావా!" ఆవిడ గొంతు వీధి చివరి దాకా వెళ్ళింది. "పైన మాడితే లోపల కాలినట్టేనా? వేలితో నొక్కి చూడొద్దా? అడుగున తట్టి చూడొద్దా? పైపెచ్చు చూసి మోసపోయేవాడికి బట్టీ ముందు నిలబడే హక్కు ఎక్కడిదిరా! నీకు ఎన్నిసార్లు చెప్పాను, పైన రంగు..."

అక్కడ ఆగిపోయింది. టీ కొట్టాయన, కొడుకు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తిట్టు సగంలో ఆపిన రొట్టెలమ్మని వాళ్ళెప్పుడూ చూసి ఎరగరు.

ఆవిడ కౌంటరు వదిలేసి గబగబా వెనక గదిలోకి వెళ్ళింది. కోడలు తొట్టి ముందు వంగి ఉంది.

"చేతులు కడుక్కో. ఇటు రా."

కిటికీ దగ్గర కూర్చోబెట్టి కట్టు విప్పింది. పొద్దున చూసిన పెచ్చే, అదే గోధుమ రంగు. ఈసారి రంగు చూడలేదు ఆవిడ. పెచ్చు చుట్టూ రెండు వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. కింద గట్టిగా, వేడిగా, ఉండలా తగిలింది. కోడలు ఉలిక్కిపడి చెయ్యి లాక్కోబోయింది. పెచ్చు అంచున నీరు ఊరింది. మోచేతి వైపు, ఇంకాస్త పైన, జాకెట్టు చెయ్యి మడత కింద గోరంత కొత్త బుడిపె కనిపించింది.

"ఇదెప్పట్నించీ?"

కోడలు తల దించుకుంది. "నాలుగైదు రోజుల్నించీ..."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు అయిపోయిందన్నారుగా. మీరు అన్నాక అయిపోతుందనుకున్నాను."

ఆ మాట రొట్టెలమ్మకు చెంపదెబ్బలా తగిలింది. తన మాట మీద ఈ పిల్లకి ఇంత నమ్మకం ఉందని ఆవిడకు తెలియదు. తెలిసిన సమయమే బాగా లేదు.

"లే. క్లినిక్కెళ్దాం."

"వద్దత్తయ్యా."

"వద్దేంటి?"

"తేనె రాద్దాం. రోజుకు మూడుసార్లు రాద్దాం, నాలుగుసార్లు రాద్దాం. మీ చేత్తో రాస్తే తగ్గుతుంది. సూది మాత్రం మళ్ళీ నా వల్ల కాదు."

అంత మొండిగా ఆమె మాట్లాడగా రొట్టెలమ్మ ఎప్పుడూ వినలేదు. గట్టిగా కసరబోయింది. కసరకుండా పక్కన పిండి బస్తా మీద కూర్చుంది. ఇన్నాళ్ళుగా అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగింది.

"చాలా నొప్పా?"

కోడలు చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. "ఒక్క సూది కాదత్తయ్యా. పుండు చుట్టూ, ఆ గట్టు మీదే, ఇక్కడోటి, ఇక్కడోటి. పచ్చి పుండులో నిప్పు పోసినట్టుంటుంది. ఆయన బయటే ఉంటారు. లోపలికొస్తే పడిపోతారని నేనే వద్దన్నాను. నర్సమ్మ చెయ్యి కదలకుండా పట్టుకుంటుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని పై కప్పు వైపు చూస్తుంటాను. వెళ్ళే ముందు రోజు అన్నం దిగదు. మీరు రంగు చూసి అయిపోయిందన్న రోజు మీ కాళ్ళకి మొక్కాలనిపించింది."

రొట్టెలమ్మకు కళ్ళు చెమర్చాయి. కిటికీ దగ్గర మెత్తగా తేనె రాసిన వేళ్ళు తనవి. కోడలి నొప్పి తగ్గించే మనిషిని తనేనని ఇన్నాళ్ళూ లోలోపల ఎంత మురిసిపోయింది! తీపిగా ఉన్న పని అంతా తను తీసుకుని, చేదుగా ఉన్నదంతా ఈ పిల్లకి ఒంటరిగా వదిలేసింది. గుమ్మంలోంచి "ఎలా ఉంది" అని అడిగి, గోడ చెప్పిన జవాబు పట్టుకుని కౌంటరుకు వెళ్ళిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఇదిగో అమ్మాయ్, విను" అంది. "నాది తప్పు. నేను పొరబడ్డాను. రంగు చూసి దించేశాను. లోపల పచ్చిగానే ఉంది."

కోడలు కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. గుమ్మంలో నిలబడ్డ కొడుకైతే గోడ పట్టుకున్నాడు. తల్లి నోట 'నాది తప్పు' అన్న మాట వినడం వాడికి సూది చూడడం కన్నా కష్టంగా ఉంది.

"నేను అయిపోయిందంటే నమ్మావు కదా? ఇప్పుడు అవ్వలేదంటున్నాను. ఇదీ నమ్ము. నొప్పి లేదని చెప్పను. నొప్పే. కానీ ఈసారి నువ్వొక్కదానివే వెళ్ళవు. నేను లోపలికొస్తాను."

"మరి కౌంటరు?"

"కౌంటరు తగలబడనీ."

ముందు గదిలోకి వచ్చి షట్టరు సగం దించేసింది. పట్టపగలు, బేరం జోరుగా సాగే వేళ. బయట నిలబడ్డ నలుగురూ నోళ్ళు వెళ్ళబెట్టారు. "అమ్మా, బట్టీలో రొట్టెలున్నాయి!" అని కొడుకు మొత్తుకున్నాడు. "నువ్వు చూసుకో. అడుగు తట్టి మరీ దించు" అని కోడలి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదకి దిగింది. దిగి, ఎదురు కొట్టు వైపు తిరిగి, వీధంతా వినేలా అరిచింది.

"మేస్త్రీ! సూదులు మానకు! నేను చెప్పింది తప్పు. తేనె తేనే, సూది సూదే. రెండూ కావాలి. వింటున్నావా?"

"నేనెక్కడ మానాను పెద్దమ్మా! నీ మాట ఎప్పుడైనా విన్నానా?" అన్నాడు మేస్త్రీ చెప్పు మీంచి తలెత్తకుండానే. జీవితంలో మొదటిసారి, తన మాట విననందుకు ఒక మనిషిని మెచ్చుకోవాలనిపించింది రొట్టెలమ్మకు.

క్లినిక్కులో పొడుగాటి బెంచీ, మందుల వాసన, గోడ మీద ఇసుక ఈగ బొమ్మ. బొమ్మలో అది పిల్లి అంత ఉంది. "ఇంత ఉంటే చీపురుతో కొట్టేదాన్నిగా" అని రొట్టెలమ్మ గొణిగింది. కోడలు నవ్వబోయి, లోపలి నుంచి పిలుపు రాగానే అత్త వీపు చాటుకి జరిగింది.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. పెచ్చుని తడిపి, నెమ్మదిగా కాస్త ఎత్తి, కింద చూసి, కొత్త బుడిపె కూడా తడిమి చూసింది. "ఎందుకు రావడం మానేశారు?" అని అడిగింది.

కోడలు అత్తను కాపాడబోయింది. "ఊళ్ళో లేనండీ" అంది.

"ఊళ్ళోనే ఉంది" అంది రొట్టెలమ్మ. "నేనే మానిపించాను. పైన ఎండింది కదా, మానిందనుకున్నాను. తేనె సరిపోతుందనుకున్నాను. తిట్టేదేదో నన్ను తిట్టండి, దాన్నేం అనకండి."

తిట్లు కాచుకోవడానికి ఆవిడ చీర కొంగు కూడా బిగించుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు. పుండు వైపు మళ్ళీ చూసి, "కట్టు ఎవరు కడుతున్నారు?" అంది.

"నేనే."

"బాగా కడుతున్నారు. చీము లేదు, చుట్టూ చర్మం శుభ్రంగా ఉంది. చాలామంది పుండు మీద ఇంకో పుండు చేసుకుని వస్తారు. తేనె చెయ్యాల్సిన పని తేనె చేసింది పెద్దమ్మా. కానీ అది పైన ఉండే మందు. లోపలున్న పురుగు దాకా పోలేదు. అక్కడికి సూదే పోవాలి."

"మరి చెయ్యి?" ఆ రెండు ముక్కలు అడగడానికి రొట్టెలమ్మకు ఊపిరి చాల్లేదు. "దాని చెయ్యి వంగుతుందా? పిండి పిసకగలదా?"

"కీలు దాకా పోలేదు. కొత్తది ఇంకా చిన్నదే. ఆలస్యమైంది గాని చెయ్యి దాటిపోలేదు. మళ్ళీ మొదలుపెడదాం. నేను చాలనేదాకా మానకూడదు. తేనె కట్టు మీరే కట్టండి, అది కూడా మానొద్దు. మచ్చ ఉంటుంది. మచ్చకీ పిండికీ పేచీ లేదు కదా?"

రొట్టెలమ్మ తల అడ్డంగా ఊపింది. నోరు విప్పితే ఏడుపొస్తుందని భయం వేసింది. ఏడ్చే మనిషి కాదు ఆవిడ. కాని ఏడుపొచ్చింది.

నర్సమ్మ సూదిమందు నింపుకుని వచ్చింది. కోడలు మంచం మీద పడుకుని కుడి చెయ్యి చాపింది. పెదవులు తెల్లబడ్డాయి. ఎడం చేత్తో కొంగు వెతుక్కుంటోంది, నోట్లో కుక్కుకోవడానికి. రొట్టెలమ్మ మంచానికి అవతలి వైపు వెళ్ళి, ఆ కొంగు లాగేసి, తన చెయ్యి ఆమె చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకో. ఎంత నొప్పుంటే అంత గట్టిగా."

"మీకు నొప్పెడుతుందత్తయ్యా."

"పెట్టనీ."

సూది దిగింది. క్లినిక్కు అదిరిపోయేలా ఒక కేక వినిపించింది. బయట బెంచీ మీదున్నవాళ్ళు ఉలిక్కిపడి తలుపు వైపు చూశారు. ఆ కేక కోడలిది కాదు.

"అమ్మో! నా వేళ్ళు! నా వేళ్ళే తల్లీ!"

కోడలు కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, అత్త చేతిని తొట్టిలో పిండిని పిసికినట్టు పిసికేస్తోంది. ఎముకలు కటకటమంటున్నాయి. నర్సమ్మ సూది తీసి అటూ ఇటూ చూసింది.

"పెద్దమ్మా, సూది ఎవరికి వేస్తున్నాను?"

కోడలు కళ్ళు తెరిచింది. కళ్ళ నిండా నీళ్ళు, వాటి మధ్యలోంచి నవ్వు వచ్చేస్తోంది. ఆ గదిలో ఆమె నవ్వడం అదే మొదలు. "అయ్యో, అత్తయ్యా..." అని చెయ్యి వదిలేయబోయింది. రొట్టెలమ్మ నలిగిన వేళ్ళను ఊదుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ అరిచింది.

"ఎడం చెయ్యే ఇంత ఉంటే, కుడి చెయ్యి మానాక నిన్ను ఆపేదెవరే! ఏమ్మా నర్సమ్మా, ఇంకా ఎన్ని చోట్ల?"

"ఇంకో రెండు చోట్ల."

రొట్టెలమ్మ నలిగిన చేతిని ఒళ్ళో దాచుకుని, రెండో చెయ్యి చాపింది.

"ఇంద, ఇది పట్టుకో."